గీతలు

నా కారు బానెట్ మీద గీతలు మొదటిసారి చూసింది 2022 ఫిబ్రవరిలో, ఒక ఉదయం. ఎండ ఏటవాలుగా పడుతోంది. నల్ల కారు కాబట్టి ఇంకా బాగా కనబడ్డాయి. మెరుపు చుట్టూ సాలెగూడులాగా వలయాలు వలయాలుగా సన్నటి గీతలు. కారు కొని అప్పటికి ఏడాది కూడా కాలేదు. 46 ఏళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, నా జీతంతో, నా పేరు మీద కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు అది. మా ఇంట్లో పనిచేసే ఆమెను పిలిచి "ఏం చేశావు దీన్ని?" అని అడిగాను. అడిగాను అని రాస్తున్నాను గానీ, నిజానికి అరిచాను. ఆమె నాకన్నా పదేళ్లు పెద్దది.

"నీళ్లు తక్కువ వాడమంటివి కదా మేడమ్. ఒగ చెంబు నీళ్లకు ఇంత దుమ్ము యాడికి పోతాది?" అందామె.

ఎదురు చెప్తోందనుకున్నాను. ఆ నెల కారు తుడిచినందుకు ఇవ్వాల్సిన మూడు వందలు ఇవ్వలేదు. ఆమె అడగలేదు కూడా.

అనంతపురంలో దుమ్ము గురించి బయటివాళ్లకు చెప్పడం కష్టం. రెండు రుతుపవనాలకూ దూరంగా, వర్షచ్ఛాయలో ఉన్న పీఠభూమి మాది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. నైరుతి మొదలయ్యే జూన్‌లో వానకన్నా ముందు గాలి వస్తుంది. ఆషాఢం దాకా ఆగకుండా వీస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఇసుక ఎగిరి పొలాల మీద మేటలు వేసిన సంగతి ఈ జిల్లాలో అందరికీ తెలుసు. మా కాలనీలో అంత లేదు గానీ, రాత్రి తుడిచిన కారు మీద పొద్దున్నే వేలితో పేరు రాయొచ్చు.

ఇక నీళ్లు. పైపు పెట్టి కారు కడిగితే నూరు, నూటయాభై లీటర్లు సులువుగా పోతాయి. అంటే పది బిందెలు. మా ఇంట్లో బోరు ఉంది, ఇంకా ఎండిపోలేదు. కానీ గేటు ముందు నీళ్లు కారి రోడ్డు మీదికి పారుతుంటే, ఖాళీ బిందెలతో పోయే ఆడవాళ్లు ఆగి చూస్తారు. ఆ చూపు నాకు కష్టంగా ఉండేది. అందుకే నెలకోసారి మాత్రమే కడగాలని, మిగతా రోజుల్లో చెంబు నీళ్లతో గుడ్డ తడిపి తుడవాలని నియమం పెట్టాను. నీళ్లు పొదుపు చేస్తున్నానని నాకు తృప్తిగా కూడా ఉండేది. పొదుపు నాది, తుడిచే చెయ్యి ఆమెది. ఆమె వీధిలో ట్యాంకరు వచ్చిన రోజు ఇంటికి ఇన్ని బిందెలని వంతు. ఆ వంతు చూసుకుని, ఇంట్లో నీళ్లు పట్టుకుని, ఆరు గంటలకు వచ్చి నా కారు తుడిచేది.

గీతలు ఎందుకు పడ్డాయో తెలుసుకుందామని రంగు పని చేసే ఒక మెకానిక్కును అడిగాను. ఆమె తప్పు రుజువు చేసుకోవడానికే అడిగానేమో కూడా. అతను చెప్పినదాన్నిబట్టి, తర్వాత నేను చదువుకున్నదాన్నిబట్టి సంగతి ఇదీ. కారు రంగు మీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కన్నా సన్నం. మా దుమ్ములో ఉండేదేమో చాలావరకు ఇసుక నలుసు. అది ఆ పొరకన్నా ఎంతో గట్టిది. కొంచెం తడి గుడ్డతో అదిమి, గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే గుడ్డలో ఇరుక్కున్న ఇసుకే ఉప్పుకాగితం అవుతుంది. దుమ్ము పోయినట్టే కనబడుతుంది, గీతలు మిగులుతాయి. పైగా నేనిచ్చిన గుడ్డ నా పాత చీర ముక్క. అంచులో గట్టి కుట్టు ఉంది. అదే గుడ్డ, అదే చెంబు, ఏడు నెలలు.

చెంబు నీళ్లు అన్నది నేను. గుడ్డ ఇచ్చింది నేను. రోజూ తుడవమన్నదీ నేనే.

తర్వాతి నెల రెండు నెలల డబ్బులూ కలిపి ఇచ్చాను. ఆమె లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. కారణం చెప్పి తప్పు ఒప్పుకున్నానని రాస్తే బాగుంటుంది. కానీ ఆ రోజు నాకు మాట రాలేదు. "గుడ్డ మంచిది కాదంట" అన్నాను. అంతే.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆదివారాలు నేనే తుడిచాను. మెకానిక్కు నేర్పినట్టు: ఎండలో వద్దు, బానెట్ చల్లారాక, నీడలో. దుమ్ము మందంగా ఉంటే అసలు ముట్టుకోకూడదు, ముందు పైనుంచి సన్నగా నీళ్లు చల్లి జార్చాలి. కడగాల్సిన పని లేని షాంపూ అని ఒకటి దొరుకుతుంది. అర బకెట్ నీళ్లలో మూతెడు కలిపితే చాలు, అది దుమ్ముకు జారుడు ఇస్తుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు అందులో నానబెట్టి, ఒక్కోదాన్ని నాలుగు మడతలు పెట్టి, బరువు వేయకుండా ఒకే దిక్కుకు, నిలువుగా లాగాలి. మురికైన మడత మళ్లీ వాడకూడదు, తిప్పి కొత్త మడత తీసుకోవాలి. వాడిన గుడ్డను మళ్లీ బకెట్లో ముంచకూడదు. కింద పడిన గుడ్డ ఇక కారుకు పనికిరాదు. పక్షి రెట్ట ఎండిపోతే గోకకుండా, తడిగుడ్డ ఐదు నిమిషాలు వేసి నానబెట్టాలి. దుమ్ము కారు మీద కవరు కప్పితే మా గాలికి అది కొట్టుకుని అదీ గీస్తుంది.

నేను కింద పెట్టిన గుడ్డను మళ్లీ ఎత్తుకోబోతుంటే, ఆమె గిన్నెలు తోముతూ చూసి నవ్వింది. "శెనక్కాయల్లో మన్ను పోవల్లంటే చెరగల్ల మేడమ్. రుద్దితే పోతాదా?" అంది. మెకానిక్కు పావుగంట చెప్పింది ఆమెకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ముందు మన్ను విడిపోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. నేనెప్పుడూ అడగలేదు.

కారంతా తుడవడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. రెండో ఆదివారానికి భుజం పట్టేసింది. అప్పుడు లెక్క వేశాను: నెలకు మూడు వందలంటే రోజుకు పది రూపాయలు.

ఇల్లలుకుతూ అలుకుతూ ఈగ తన పేరు మరిచిపోయిన కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. పి. సత్యవతి గారు ఆ కథను గృహిణి కథగా మార్చి "ఇల్లలకగానే" రాశారు. ఆ కథ నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. ఇల్లు తుడిచే ఇల్లాలు తన పేరు మరిచిపోవడం నా ఆడపిల్లలకు బాగా అర్థమయ్యేది. కానీ మా ఇంటి లెక్కల పుస్తకం తీసి చూస్తే ప్రతినెలా "కారు - 300" అని ఉంది, "గిన్నెలు, ఇల్లు" అని ఉంది. ఆమె పేరు ఒక్కచోటా లేదు. నా పేరు మాత్రం కారు ఆర్సీ మీద ఉంది. కారు తాళాలు చేతికొచ్చిన రోజు స్వేచ్ఛ వచ్చిందనుకున్నాను. నిజమే, వచ్చింది. ఆ స్వేచ్ఛ మీద పడే దుమ్ము ఎవరు తుడవాలన్నది మాత్రం ఆలోచించలేదు.

ఈ కారు ఇక్కడే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైంది. 2019లో అక్కడ కార్లు బయటికి రావడం మొదలైనప్పుడు మా జిల్లా కారు అని సంబరపడ్డాం. 2022 ఏప్రిల్‌లో ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఆ ఫ్యాక్టరీకి నీళ్లిచ్చేది గొల్లపల్లి జలాశయం. హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి ఎత్తుమీద ఎత్తు ఎక్కి వచ్చే కృష్ణా నీళ్లు అవి. కారు పుట్టడానికి అంత దూరం నుంచి నీళ్లు వస్తాయి. కారు తుడిచే ఆమె వీధికి ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు.

ఇప్పుడు రోజూ తుడవడం లేదు. దుమ్ము ఉంటే ఉండనీ. పదిహేను రోజులకోసారి ఇద్దరం చెరో పక్క తుడుస్తాం, అర బకెట్ నీళ్లతో. ఆమె డబ్బులు తగ్గించలేదు, పెంచాను. పక్కింటాయన "ఏం మేడమ్, కారు కడగరా?" అంటాడు. ఆయన పైపుతో కడుగుతాడు. నేనేమీ అనను.

గీతలు అట్లాగే ఉన్నాయి. పాలిష్ చేయిస్తే పోతాయన్నారు. పాలిష్ అంటే పై పొరను ఇంకాస్త అరగదీయడమేనట. చేయించలేదు.