ఆకేరు వెంట అప్పులూ ఓట్లూ

ఎండాకాలంలో వర్ధన్నపేట వంతెన మీద నిలబడి చూస్తే ఆకేరు ఏరులా ఉండదు. ఇసుక, తుమ్మచెట్లు, ట్రాక్టర్ చక్రాల గాడులు, ఎక్కడో ఓ నీటి మడుగు, అంతే. పడమటి మెట్టనేలల వాగులను కలుపుకుంటూ వచ్చే ఈ ఏరు ఆగ్నేయ దిక్కుగా సాగి, మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర వరంగల్–ఖమ్మం రహదారిని దాటుతుంది. ఖమ్మం దాపున తీర్థాల సంగమేశ్వరుడి గుడి దగ్గర మున్నేటిలో కలుస్తుంది. మున్నేరు కృష్ణలో కలుస్తుంది. పటంలో సన్నని గీతే గానీ, పోరు చూసిన పల్లెల్లోకి బయటి డబ్బు ఎలా వచ్చిందో, ఎవరి చేతికి అందిందో తెలుసుకోవాలంటే ఈ గీత వెంట నడిస్తే చాలు.

వర్ధన్నపేటకు పడమర పాలకుర్తి. కౌలు పొలం పంటను విసునూరు దేశముఖ్ మనుషులకు దక్కనివ్వని చాకలి ఐలమ్మ ఊరు. దానికి అవతల కడవెండి. 1946 జులై 4న అక్కడ దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు ఒరిగాడు. ఆ తర్వాత ఐదేళ్లు ఇక్కడ రాత్రులు కమ్యూనిస్టు దళాలవి, పగళ్లు నిజాం వైపు రజాకార్లవి. 1948 సెప్టెంబరు తర్వాత పగళ్లు యూనియన్ సైన్యానివయ్యాయి. 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టులు సాయుధ పోరాటాన్ని విరమించారు. మూడు నెలలు తిరగకముందే పల్లెల్లోకి బ్యాలెట్ పెట్టెలు వచ్చాయి.

ఓటు ఏం చెప్పిందో వర్ధన్నపేటే సాక్ష్యం. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేశారు. పెండ్యాల రాఘవరావు వర్ధన్నపేట, హనుమకొండ అసెంబ్లీ స్థానాలతోపాటు వరంగల్ లోక్‌సభ స్థానమూ గెలిచాడు. లోక్‌సభకు ఆయన మీద నిలబడి ఓడినవాడు కాళోజీ నారాయణరావు. పక్కన నల్లగొండలో రావి నారాయణరెడ్డికి దేశంలోనే అత్యధిక ఓట్లు పడ్డాయి. నెహ్రూ కంటే ఎక్కువ.

ఈ లెక్కలను హైదరాబాద్, ఢిల్లీలతోపాటు వాషింగ్టన్ కూడా చదివింది. 1952 జనవరి 5న భారత్–అమెరికా సాంకేతిక సహకార ఒప్పందం కుదిరింది. మొదటి ఏడాదికి 5 కోట్ల డాలర్లు. ఆ అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 55 సామాజికాభివృద్ధి ప్రాజెక్టులు మొదలయ్యాయి. గ్రామసేవకుల శిక్షణకు ఫోర్డ్ ఫౌండేషన్ చేయూతనిచ్చింది. ఎర్రజెండాకు విరుగుడు మంచి విత్తనం, బావి, బడి, రోడ్డు అని అప్పటి అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్ నమ్మకం. విరుగుడు చెడ్డదేం కాదు. అది పల్లెకు చేరిన దారితోనే పేచీ. బ్లాకు అధికారి జీపు ఊళ్లోకి వస్తే ఆగేది ఎవరి వాకిట్లో? పటేల్ ఇంటి ముందు, కాకపోతే పట్వారీ ఇంటి ముందు. జాగీర్లను 1949లో రద్దు చేశారు, కౌలుదారు చట్టం 1950లో వచ్చింది, కానీ భూమి కాగితాలు ఆ ఇళ్లలోనే ఉండిపోయాయి. పటేల్ పట్వారీ వ్యవస్థ పోవడానికి ఎన్టీఆర్ ప్రభుత్వం దాకా ఆగాల్సి వచ్చింది.

అభివృద్ధి పథకాల్లో జనం భాగస్వామ్యం లేదని బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో తేల్చింది. మందు పంచాయతీరాజ్ అంది. 1959 అక్టోబరులో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి పంచాయతీ సమితిని ప్రారంభించాడు. బ్లాకు సమితి అయింది, సమితికి అధ్యక్షుడొచ్చాడు. ఊరి పెద్దరికం కొత్త కుర్చీలోకి మారింది. పేదింటి పిల్లలకు ఆ రోజుల విదేశీ సాయమంటే బడిలో పెట్టిన కేర్ ఉప్మా, పాలపొడి. సిమెంటు, ఎరువు, అప్పు సమితి ఆఫీసు చుట్టూ తిరగగలిగినవాళ్లకు.

ఏరు కిందికి పోయేకొద్దీ చెరువులు చిక్కబడతాయి. ఇక్కడి నేలకు నీటి రాజకీయం ఎన్నికల కంటే పాతది. ఒక్క చెరువు కట్ట మీద నిలబడితే మూడు పార్టీలు కనిపిస్తాయి. కట్ట లోపల శిఖం భూమి దున్నుకునేవాళ్లకు చెరువు నిండకూడదు. తూము దగ్గరి మడివాళ్లకు నిండాలి, నీళ్లు ముందు తమకే పారాలి. చివరి ఆయకట్టువాళ్లకు నిండడమొక్కటే చాలదు, నీళ్లు వదిలే నీరటి తమ వైపు ఉండాలి. ఈ ముగ్గురి మధ్యలోకి ప్రపంచ బ్యాంకు వచ్చింది.

1997లో మూడో సాగునీటి ప్రాజెక్టు కింద శ్రీరాంసాగర్, శ్రీశైలం కుడి కాలువలకు 32.5 కోట్ల డాలర్ల రుణం మంజూరైంది. ఆ ఏడే రైతుల చేతికి నీటి యాజమాన్యం ఇస్తూ చట్టం చేశారు. జూన్‌లో రాష్ట్రమంతా నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. పది వేలకు పైగా సంఘాలు. ఓటు మాత్రం రికార్డుల్లో పట్టాదారుగానో కౌలుదారుగానో పేరున్నవాళ్లకే. నోటిమాట కౌలుదారు, పట్టా లేని ఆడమనిషి, కట్ట కింద కూలికి పోయే మాదిగవాడ లెక్కలో లేరు. అధ్యక్ష పదవికి ఎందుకంత పోటీ అంటే జవాబు పల్లెల్లో అందరికీ తెలుసు: కాలువ పని అంచనా, మెజర్‌మెంట్ బుక్కు, బిల్లు, అన్నీ ఆ సంతకం మీదుగా పోవాలి. అడవుల్లో, ఊళ్లలో పీపుల్స్‌వార్ నక్సలైట్లు, పోలీసుల మధ్య కాల్పులు సాగుతున్న కాలమది. తుపాకీని చర్చల బల్ల దగ్గరికి తెచ్చిన 2004 అక్టోబరు ప్రయత్నం కొన్ని నెలలకే చెడిపోయింది. 2007లో చెరువుల కోసం ఇంకో రుణం, 18.9 కోట్ల డాలర్లు. పూడిక తీసే పని సంఘానిది, మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ట్రాక్టర్ ఉన్న రైతు చేలో ముందు నల్లమట్టి పడింది.

రుణాలన్నీ అలాగే పోయాయనడం అన్యాయం. 2003లో గ్రామీణ పేదరిక నిర్మూలన పథకానికి ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 15 కోట్ల డాలర్లు వరంగల్ సహా పలు జిల్లాలకు ‘వెలుగు’ పథకాన్ని తెచ్చాయి. తర్వాత అది ఇందిరా క్రాంతి పథం అయింది. ఇప్పుడు వడ్ల కాలంలో మరిపెడ–తొర్రూరు రోడ్డు వెంట పోతే ఐకేపీ కొనుగోలు కేంద్రాలు కనబడతాయి. తేమ మిషన్ పట్టుకుని, తాలు చూసి, కాంటా పెట్టించి, చీటీ రాసేది మహిళా సంఘాల వాళ్లు. లారీ రాలేదని, మిల్లరు తరుగు తీశాడని రైతు వాళ్లతోనే కొట్లాడతాడు. కొట్లాడటానికి ఎదురుగా ఓ మనిషి ఉండటం చిన్న సంగతి కాదు. అప్పు తీరినా, పథకం పేరు మారినా సంఘం మిగిలింది.

మరిపెడకు తూర్పున, రైల్వే లైను మీద డోర్నకల్. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య పీఠం. 1912లో ఆయన బిషప్ అయ్యాడు. ఆయన ఇక్కడికి వచ్చింది తిరునల్వేలి క్రైస్తవులు తమ చందాలతో పెట్టుకున్న సంస్థ తరఫున. 1910లో ఎడిన్‌బరో సభలో యూరప్ మిషనరీల ముఖం మీదే చెప్పాడు, మీ త్యాగం, దానం సరే, ముందు మాతో స్నేహం చేయండని. సాయం చేసేవాడికీ తీసుకునేవాడికీ మధ్య ఎత్తుపీట సమస్యను ఈ ప్రాంతంలో అంత సూటిగా చెప్పినవాళ్లు అరుదు. ప్రపంచ బ్యాంకు నిపుణులు ఆ ప్రసంగం చదివి ఉంటే బాగుండేది.

1951 అక్టోబరులో ఆగిన పోరు తర్వాత లంబాడా తండాలకు సొంత పంచాయతీ రావడానికి 67 ఏళ్లు పట్టింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి. డోర్నకల్ అసెంబ్లీ స్థానం 2009 నుంచి ఎస్టీ రిజర్వుడు. మరిపెడ మున్సిపాలిటీ అయింది, జిల్లా మహబూబాబాద్‌కు మారింది. అధికారం దగ్గరైనట్టే అనుకున్నారు.

2024 ఆగస్టు చివరి రాత్రి ఆకేరు ఆ మాటను పరీక్షకు పెట్టింది. సెప్టెంబరు 1 తెల్లవారేసరికి పురుషోత్తమాయగూడెం వంతెన మీదుగా నీళ్లు పొర్లాయి, వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. మరిపెడ మండలం సీతారాంతండా, కింద తిరుమలాయపాలెం మండలం రాకాసితండా మునిగాయి. ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. సెప్టెంబరు 3న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సీతారాంతండాకు వచ్చాడు. కేంద్ర బృందం కూడా వచ్చింది. వచ్చినవాళ్ల ముందు ఊరి తరఫున నిలబడాల్సిన సర్పంచ్ మాత్రం ఏ తండాలోనూ లేడు. పదవీకాలం ఫిబ్రవరిలోనే ముగిసింది. ప్రత్యేకాధికారుల పాలన. నష్టం జాబితాలో ఎవరి పేరు ఎక్కాలో, బర్రె చచ్చినవాడికి ఎంత రావాలో, ఇల్లు కూలిందా గోడ పడిందా అన్న తేడా ఎవరు తేల్చాలో అడగడానికి ఎన్నికైన మనిషి లేడు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ రావు.

ఆ పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి, వరద వెళ్లిన 15 నెలలకు. కొత్తగా గెలిచిన సర్పంచ్‌ను ఆకేరు ఒడ్డు ఓటర్లు మొదటి గ్రామసభలోనే వరద నష్టం జాబితా గోడకు అతికించమని అడగాలి. ఇల్లు ఎవరిది, రాసిన సొమ్ము ఎంత, ఇచ్చిన సొమ్ము ఎంత, అన్నీ పేర్లతో సహా.