మేము పంపిన కోట్లు

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచినప్పుడు, ఇక్కడ స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఉన్న మా పది పన్నెండు తెలుగు కుటుంబాలు ఒక్క వారంలో పదకొండు పెట్టెల కోట్లు పోగుచేశాయి. కోట్లంటే రూపాయలు అనుకునేరు! చలికోట్లు, ఉన్ని టోపీలు, పిల్లల మేజోళ్లు. ఇక్కడ అప్పటికే చలి మొదలైంది. ఇల్లు పోయిన మనిషిని తలచుకుంటే మాకు వణుకుతున్న మనిషే కనిపించాడు. విమానంలో సరుకుగా వేసి పంపాం. ఆ రవాణా ఖర్చుతో అక్కడే కొత్త దుప్పట్లు కొనొచ్చు కదా అని మాలో ఒకామె అన్నది. మేము వినలేదు.

తర్వాతి నెల సెలవు మీద వెళ్లిన ఇద్దరు వాటిని రాజోలి తీసుకెళ్లారు. తుంగభద్ర ఒడ్డున, సుంకేసులకు దగ్గరున్న నేతన్నల ఊరది. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు జోగులాంబ గద్వాల. అక్కడివి గుంట మగ్గాలు. నేల తవ్వి చేసిన గుంటలోకి కాళ్లు దించి, లోపలి చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఇంట్లోకి నీళ్లొస్తే ముందు నిండేది ఆ గుంటే. పడుగు కుళ్లిపోయింది, అచ్చులు తుప్పుపట్టాయి, చాలా ఇళ్లకు గోడలే లేవు. ఒక పెద్దావిడ మా కోటును అటూ ఇటూ తిప్పిచూసి, "ఇది తొడుక్కొని యాడికి పోవాలె నాయనా? గుంటల బురద ఎత్తనీకి మనుషులుంటే సూడు" అన్నదట. ఆ రాత్రి మావాళ్లు ఫోనులో ఆ మాట చెబితే చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆ తర్వాతే సంఘంగా రిజిస్టరు చేసుకున్నాం. అందుకు ఇక్కడ ఏడుగురు వ్యవస్థాపక సభ్యులు కావాలి. సేవాసంస్థగా పన్నుల ఆఫీసు గుర్తిస్తే, విరాళం ఇచ్చినవారికి ఆదాయంలో 20 శాతం వరకు పన్ను లెక్కలో తగ్గింపు వస్తుంది. కానీ ఇండియాలో ఖర్చుపెట్టిన ప్రతి యూరోకూ కాగితం చూపించాలి. బురద ఎత్తిన కూలీ దగ్గర రశీదు ఎక్కడినుంచి వస్తుంది? వేలిముద్ర వేయించుకున్న కాగితాలు, పక్కన ఫొటోలు, దానికి జర్మన్ అనువాదం... మాకు పోయిన ఆదివారాలు ఎన్నో.

అటువైపు చిక్కు ఇంకొకటి. మన దేశపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్టరైన సంస్థకే మా సంఘం డబ్బు పంపగలదు. 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అందుకున్న సంస్థ దాన్ని ఇంకో చిన్న సంస్థకు ఇవ్వకూడదు. ఊరి నేతన్నల సంఘానికి పెద్ద సంస్థ ద్వారా పంపుదామన్నా దారి మూసుకుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే మాత్రం అది విదేశీ విరాళం కాదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్నవారు ఆ సంస్థకే పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. మాలో ఒక ఇంట్లో భర్తది ఆ పాస్‌పోర్టు, భార్యది ఈ పాస్‌పోర్టు. సంపాదన ఒకే ఖాతాలో పడుతుంది. ఆ ఇంటి నుంచి ఎవరి పేరుతో ఎంత పంపాలో తేల్చడానికి ఒక సాయంత్రం పట్టింది.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ముందుగా ఫోన్లు చేశాం. ఏం కావాలని అడిగాం. బియ్యం, నీళ్లు అందుతున్నాయన్నారు. గ్యాస్ పొయ్యిలు బాగుచేయించాలి, ఆటో ఇంజన్లలోకి బురద పోయింది, కుట్టుమిషన్లు మోటార్లతో సహా పాడయ్యాయి అన్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లం ఎవరి ఖాతా నుంచి వాళ్లం పంపాం. మాకు పన్ను తగ్గింపు రాదు. దాని మీద మాలో మాట తేడా వచ్చింది, ఇద్దరు అలిగారు కూడా. అలిగినవాళ్లదీ తప్పు కాదు, ఇక్కడ జీతంలో కోత తక్కువేమీ కాదు.

మిషను బాగైన ఒకామె మెకానిక్ ఇచ్చిన చీటీని ఫొటో తీసి పంపింది. అడగకుండానే. కింద, "మోటారుకు తొమ్మిది వందలే అయింది అన్నయ్యా, మిగిలింది పక్కింటి వాళ్ల పొయ్యికి ఇచ్చాను, పర్లేదా?" అని రాసింది.

ఆ వారమే ఎవరో మళ్లీ ఒక సంచీ నిండా చలికోట్లు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్లారు. వీధి చివర పాతబట్టల డబ్బాలో వేసి వచ్చాం.