దున్నని మడిలో తుంగ

హైదరాబాద్ నుంచి నిజామాబాద్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లకు ఇందల్వాయి అంటే ముందు గుర్తొచ్చేది టోల్‌ప్లాజా. రోడ్డు వదిలి లోపలికి తిరిగితే వరి, మొక్కజొన్న, అక్కడక్కడ పసుపు. ఆ పొలాల నడుమ నేను చూడబోయింది ఒక చిన్న కూరగాయల తోట. అక్కడి మడుల్లో నాగలి పెట్టరు, పార వెయ్యరు. మరి తుంగను ఏం చేస్తారు?

తోట చూసుకునే పెద్దమ్మ టమాట మొక్కల మధ్య జానెడు మందాన పరిచిన వరిగడ్డిని పక్కకు జరిపింది. కింద తడి అట్ట, దాని కింద మెత్తటి మట్టి, వానపాములు. అట్టలు కలిసిన సందులో పాలిపోయిన తుంగ పిలకలు నాలుగు. “దున్నితే సస్తదనుకుంటరు బిడ్డా. గడ్డలు తెగి ఇంకింత పుడ్తది” అంది.

శాస్త్రం చెప్పేదీ అదే. తుంగ గడ్డలు నేలలో గొలుసుకట్టుగా ఉంటాయి. గొలుసు తెగనంతవరకు వాటిలో చాలా గడ్డలు మొలవకుండా నిద్రలోనే ఉంటాయి. రొటోవేటర్ తిరిగిందంటే దేనికదే మొక్క. లీరాయ్ హోమ్ బృందం 1977లో అచ్చువేసిన ప్రపంచపు చెడ్డ కలుపు మొక్కల పుస్తకంలో మొదటి స్థానం తుంగదే. రెండోది, వినాయకుడికి ఇష్టమైన మన గరిక!

అలాగని దుక్కిని తీసిపారేయలేం. ఎండాకాలం లోతుగా దున్నితే పైకి తేలిన గడ్డలు నిజామాబాద్ ఎండకు మాడి చస్తాయి. దున్నని తోటకు ఆ సాయం ఉండదు. దానికి మిగిలింది చీకటి. తుంగ ఎండకు పెరిగే మొక్క, నీడలో నీరసిస్తుంది. అయితే దాని మొలక సూదిమొన. నల్లటి మల్చింగ్ షీటును కూడా పొడుచుకుని వస్తుంది. అందుకే ఇక్కడ అట్టలను అంచు మీద అంచు వచ్చేలా రెండు వరసలు పరిచి, పైన గడ్డి వేశారు. అయినా తలెత్తిన పిలకను కొడవలితో కోస్తూనే ఉంటారు. ఆకు నాలుగు వారాలు నిలిచిందంటే కింద కొత్త గడ్డ కట్టే పని మొదలైనట్టే. కోసిన ప్రతిసారీ పాత గడ్డలోని నిల్వ ఖర్చవుతుంది. గడ్డలు ఏళ్ల తరబడి బతికుంటాయి గనుక ఒక్క పంటకాలంతో ఇది తేలే పని కాదు. ఖాళీ మడుల్లోనూ నీడ ఉండేలా తొలకరికి జనుము, అలసంద చల్లి, ఒత్తుగా పెరిగాక కోసి అక్కడే పరుస్తారు.

గరికది వేరే దారి. అది గట్టు మీంచి పాకి వస్తుంది. తోట చుట్టూ జానెడు లోతు కాలువ తీసి దాన్ని ఆపుతున్నారు. పారకు ఈ తోటలో ఉన్న పని అదొక్కటే.

చిక్కులు లేకపోలేదు. ఎర్ర చెల్క నేలలో అట్ట ఆరితే చెదలు పడతాయి, తడుపుతూ ఉండాలి. తుంగ గడ్డలంటే అడవి పందులకు ప్రాణం. మనిషి దున్నని మడిని అవి ఒక్క రాత్రిలో దున్నిపోతాయి.

గడ్డికి మాత్రం కొరత లేదు. యాసంగి కోతలయ్యాక హార్వెస్టర్ వదిలిన గడ్డిని చాలాచోట్ల తగలబెడుతున్నారు, ఈమె దాన్నే తెచ్చుకుంటుంది. ఒకప్పుడు బోధన్ వైపు, నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే కార్శి చెరకు తోటల్లో చెరకాకును సాళ్ల మధ్య పరిచి కలుపును అణిచేవాళ్లు. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక అక్కడ చెరకే తగ్గింది.

ఈ పద్ధతిని అన్ని పంటలకూ అంటగట్టడం నాకు సమ్మతం కాదు. 2025లో జాతీయ బోర్డు కార్యాలయం తెచ్చుకున్న ఈ జిల్లా పసుపునే తీసుకోండి. తవ్వకుండా ఆ పంట ఇంటికి రాదు. పెద్దమ్మ తన రెండు సాళ్ల పసుపును మడులకు దూరంగా, గట్టు పక్కన పెట్టుకుంది. తవ్వినప్పుడు దొరికే తుంగ గడ్డలను ఎరువు కుప్పలో వెయ్యదు, వేస్తే ఆ ఎరువుతోనే మళ్లీ మడికి చేరతాయి. బండ మీద గలగలమనేదాకా ఎండబెడుతుంది. వాటిలో కాసిని మనవరాలి సున్నిపిండిలోకి పోతాయి.