అర నూలు

కొడుకు షామీర్‌పేట నుంచి మేడ్చల్ వచ్చాడంటే ఏదో పనున్నట్టే. ఆ ఆదివారం ప్లాస్టిక్ తొడుగులోని చిన్న అట్టముక్క ఒకటి తండ్రి చేతిలో పెట్టాడు. 1975 నాటి అమెరికా బేస్‌బాల్ కార్డు. టాప్స్ కంపెనీ బబుల్‌గమ్‌తో కలిపి పిల్లలకు అమ్మినది. మీద జార్జ్ బ్రెట్ బొమ్మ, అతని తొలి కార్డు. అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో ముచ్చటపడి కొన్నాడు. ఇప్పుడు కూతురి కాలేజీ ఫీజు కోసం అమ్మాలి.

చిక్కల్లా అంచుతోనే. బొమ్మ ఎడమకు జరిగింది. కుడివైపు వెడల్పు, ఎడమవైపు గీతంత. దీన్నే 'సెంటరింగ్' లోపం అంటారు. అంచులు సమంగా ఉంటే ఒక ధర, లేకుంటే అందులో కొసరు. మచ్చలేని మిక్కీ మాంటిల్ 1952 కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది మరి!

"నాయినా, కుడిపక్క అర నూలు కోస్తే సరిపోతది కదా?"

తండ్రి ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద పనిచేసినవాడు. కార్డును వెలుగుకు పట్టి చూశాడు.

ఆ ఏడాది సెట్టులో 660 కార్డులు. ఒక్కో షీటు మీద 132 చొప్పున అచ్చేసి, దొంతరలుగా పేర్చి కోసేవారు. అచ్చులో కాగితం కాస్త జరిగినా, కత్తి కింద దొంతర కదిలినా ఆ వరుసంతా పక్కకు పోయినట్టే. పైగా ఆ కార్డుల అంచులు రెండు రంగులవి, తేడా ఇట్టే కనబడుతుంది. పిల్లల బబుల్‌గమ్ కార్డును ఎవరైనా స్కేలుతో కొలుస్తారని అప్పుడెవరనుకున్నారు? మన పెళ్లిపత్రికల మీద వినాయకుడు ఓ పక్కకు ఒరిగితే కొలుస్తున్నామా?

"మిషన్ల పెడితే నిమిషం పని" అన్నాడాయన. "కానీ బిడ్డా, మూడు దిక్కుల అంచు పాతబడి గోధుమరంగుకొచ్చింది. నేను కోసింది తెల్లగ మెరుస్తది. కొలత గూడ తగ్గుతది. చూసినోడు పట్టడా?"

పడతాడు. కార్డులకు గ్రేడు ఇచ్చే సంస్థలు అంచు కోసినదని తేలితే అసలు అంకే వేయవు. కొడుక్కి తెలియని సంగతేం కాదు. తెలిసే అడిగాడు.

తండ్రి కార్డును తొడుగులోకి జాగ్రత్తగా దూర్చాడు.

"ఫీజు ఆఖరు తారీఖు ఎన్నడు?" అన్నాడు.