లండన్ పక్కన ఓ తోకచుక్క

లండన్ టూర్ అంటే బిగ్ బెన్, టవర్ బ్రిడ్జ్, నాలుగు సెల్ఫీలు... అంతేనా? విమానాలంటే ఇష్టముంటే నగరానికి ఉత్తరాన ఉన్న లండన్ కోల్నీ దాకా వెళ్లండి. అక్కడ సాలిస్‌బరీ హాల్ అనే పాత భవంతి పక్కనే డి హావిలాండ్ విమాన మ్యూజియం ఉంది. అందులో రెక్కల్లేని విమానం ఒకటి కనిపిస్తుంది. పేరు కామెట్, అంటే తోకచుక్క. ఒకప్పుడు ఎయిర్ ఫ్రాన్స్ నడిపిన విమానమది. టికెట్ కొన్న జనాన్ని మోసిన తొలి జెట్ రకం ఇదే.

ముందు దాని కిటికీలు చూడండి. ఇప్పటి విమానాల్లోలా కోలగా ఉండవు. దాదాపు చదరంగా, మూలలు కాస్త గుండ్రంగా ఉంటాయి.

అక్కడికి దగ్గర్లోని హాట్‌ఫీల్డ్ నుంచే 1949 జులై 27న కామెట్ తొలిసారి ఎగిరింది. 1952 మే 2న లండన్ నుంచి జొహన్నెస్‌బర్గ్‌కి ప్రయాణికులతో బయల్దేరింది. పంకాల రొద లేదు, కుదుపుల్లేవు. ప్రపంచం నోరెళ్లబెట్టింది.

సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా నుంచి ఢిల్లీకి లేచిన కామెట్ గాలివానలో ముక్కలైంది. 43 మంది చనిపోయారు. తప్పు వాతావరణానిదే అనుకున్నారు. 1954 జనవరి 10న ఇటలీలోని ఎల్బా దీవి దగ్గర మరొకటి సముద్రంలో కూలింది. 35 మంది పోయారు. అసలు కారణం తెలీకుండానే, ఏవో మార్పులు చేసి మార్చిలో మళ్లీ ఎగరేశారు. ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర ఇంకొకటి. ఈసారి 21 మంది.

అప్పుడు ఫార్న్‌బరోలో ఇంజనీర్లు ఒక కామెట్ చుట్టూ పెద్ద నీళ్ల ట్యాంకు కట్టారు. లోపల నీటి ఒత్తిడి పెంచుతూ, తగ్గిస్తూ వేల ప్రయాణాల్ని అనుకరించారు. అసలు ప్రయాణాలు 1,221, ట్యాంకులోవి 1,836 అయ్యేసరికి కిటికీ మూల దగ్గర రేకు చీలిపోయింది. ఇనుప తీగని అటూ ఇటూ వంచితే కాసేపటికి పుటుక్కున విరుగుతుంది కదా, అలాగే. దీన్నే లోహపు అలసట అంటారు.

'చదరపు కిటికీల వల్లే కూలింది' అని వీడియోల్లో వింటుంటాం. అది సగమే నిజం. ఎల్బా దగ్గర తీసిన శకలాల్లో పగులు కనిపించింది ప్రయాణికుల కిటికీకి కాదు, పైకప్పు మీద రేడియో యాంటెన్నా కోసం పెట్టిన కిటికీ దగ్గర. ఆ ముక్క ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియం దగ్గరుంది.

రేకు మందం పెంచి, కిటికీల ఆకారం మార్చి కామెట్ 4 తెచ్చారు. 1958 అక్టోబర్ 4న అట్లాంటిక్ దాటిన తొలి జెట్ సర్వీసు దానిదే. కానీ అదే నెలలో బోయింగ్ 707 కూడా రంగంలోకి దిగింది, మార్కెట్ అటే మళ్లింది. ఫార్న్‌బరోలో కనుక్కున్న పాఠం మాత్రం అందరికీ పనికొచ్చింది.

మ్యూజియం రోజూ తెరిచి ఉండకపోవచ్చు. వెళ్లేముందు వెబ్‌సైట్‌లో వేళలు చూసుకోండి. ఈసారి విమానంలో విండో సీటు దొరికితే, ఫొటో తీసే ముందు ఆ కిటికీ అంచు మీద ఓసారి వేలు పెట్టి చూడండి. ఎక్కడా మూల తగలదు.