భజంత్రీలు, భజంత్రీలు!

పెళ్ళిలో సన్నాయిని ఎవరూ వినరు. వినడానికి పెట్టరు కూడా. జీలకర్ర బెల్లం దగ్గర, తాళి కట్టే దగ్గర పంతులుగారు చెయ్యి పైకెత్తి "భజంత్రీలు, భజంత్రీలు!" అని కేకేస్తారు. అప్పటిదాకా ఏదో కీర్తన నెమ్మదిగా వాయించుకుంటున్న మేళంవాళ్ళు దాన్ని ఎక్కడిదక్కడ వదిలేసి గట్టిమేళం అందుకుంటారు. ఆ నిమిషంలో ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, ఓ అశుభం మాట నోరుజారినా వధూవరుల చెవిన పడకూడదు కదా, అందుకు. అంటే మన పెళ్ళిళ్ళలో ఆ సంగీతం పని తను వినపడటం కాదు, మిగతావేవీ వినపడకుండా చెయ్యడం.

మాది నరసరావుపేట. చిన్నప్పుడు ఏ పెళ్ళికెళ్ళినా నేను మేళం పక్కనే చేరేదాన్ని. సంగీతం మీద ప్రేమతో కాదు, డోలు కోసం. డోలాయన కుడిచేతి వేళ్ళకి ఒక్కొక్కటిగా గట్టి తొడుగులు తొడుక్కుని, ఎడంచేత్తో పొట్టి కర్ర పట్టుకుని, ఒకపక్క వేళ్ళతో, ఇంకోపక్క కర్రతో వాయిస్తుంటే నోరు తెరుచుకుని చూసేదాన్ని. సన్నాయి ఆయన బుగ్గలు చూస్తే నవ్వొచ్చేది. ఆయన సాయిబుగారనీ, ఆయన వాళ్ళ నాన్న మా నాయనమ్మ పెళ్ళికి వాయించాడనీ ఇంట్లో మామూలుగా చెప్పుకునేవాళ్ళు. అందులో విశేషం ఉందని మాకెవరికీ తోచలేదు. పెళ్ళికి పంతులుగారొస్తారు, మేళానికి సాయిబులొస్తారు, అంతే.

విశేషం ఉందని తెలిసింది హైదరాబాద్‌లో, ఉద్యోగంలో చేరాక. ఓ రాత్రి యూట్యూబ్ ఎటు తీసుకెళ్తే అటు పోతూ షేక్ చినమౌలానా నాదస్వరం దగ్గర ఆగాను. రాగం ఎత్తుకుని ఎక్కడా తొందరపడకుండా, ఒక్కో స్వరం దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ వెనక్కొచ్చి, మళ్ళీ పైకెళ్ళి... గట్టిమేళం వాయించే ఆ వాద్యమే ఇంత నెమ్మదిగా మాట్లాడగలదని నాకప్పటిదాకా తెలీదు. మర్నాడు నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "ఆయన మనవైపు మనిషే కదే, పేటలో నేర్చుకున్నాడు" అన్నారు.

పేట అంటే చిలకలూరిపేట. మా ఊరి నుంచి బస్సెక్కితే ఎంతో దూరం లేదు. 2022లో జిల్లాలు మారినప్పుడు అది కూడా మాతోపాటు పల్నాడు జిల్లాలోకి వచ్చింది. చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో, తరాలుగా గుళ్ళల్లో నాదస్వరం వాయిస్తున్న ముస్లిం కుటుంబంలో పుట్టారు. తొలిపాఠాలు తండ్రి కాశిం సాహెబ్ దగ్గర. ఆ తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం. అక్కడితో ఆగలేదు. తమిళదేశంలో వాయించే తంజావూరు బాణీ మీద మనసుపడి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు. చివరికి దాదాపు ఆరొందల కిలోమీటర్ల అవతల, శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే నాదస్వర ఆశ్రమం పెట్టి శిష్యుల్ని తయారుచేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి. ఆ మరుసటేడు పోయారు.

ఆయన శిష్యుల్లో ఓ జంట ఉంది. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్. వాళ్ళూ తెలుగునేల నుంచి వెళ్ళినవాళ్ళే, వాళ్ళూ శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని రెండు నాదస్వరాలు ఒకే ఊపిరిలాగా వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ఇచ్చారు. నాదస్వరం పట్టిన ఆడవాళ్ళే అరుదు, అందులోనూ ముస్లిం ఇళ్ళలో మరీ అరుదు. ఇంటినిండా విద్య ఉన్నా అది కొడుకులకే అందేది. కూతుళ్ళు పక్కగదిలో విని నేర్చుకున్నా ఆ నేర్పు పెళ్ళి పందిట్లోకి వచ్చేది కాదు. కాలీషాబీ కచేరీ వీడియోలు చూస్తే నాకు ముందు తట్టేది ఇదే. ఆమె దాటింది రాష్ట్రం సరిహద్దు ఒక్కటే కాదు, ఇంట్లో ఉన్న గడప కూడా.

ఇలాంటి వాళ్ళ గురించి మన పేపర్లు రాసేటప్పుడు "మత సామరస్యానికి ప్రతీక" అన్న హెడ్డింగ్ తప్పకుండా ఉంటుంది. భద్రాచలం రాముడి కొలువులో వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కి 2022లో, ఆయన పోయాక, పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా అదే వరస. మాట అబద్ధం కాదు, ఈ రోజుల్లో చెప్పుకోవాల్సిందే. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే నాకు చిరాకు. చినమౌలానా తోడి ఎలా పాడిస్తారో, మొహమాటం లేకుండా ఎన్ని నిమిషాలు ఒకే స్వరం మీద నిలబడతారో ఎవరూ రాయరు. సాయిబు గుళ్ళో వాయించాడన్నది వార్త అవుతుంది, ఎలా వాయించాడన్నది ఎవరికీ పట్టదు. ఏళ్ళ తరబడి చీకటితోనే లేచి చేసిన సాధన ఆ ఒక్క హెడ్డింగ్ కింద కనపడకుండా పోతుంది. పంతులుగారు భజంత్రీలని పిలవడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనపడదు. రెండుచోట్లా వాయిద్యం కావాలి, వినడం అక్కర్లేదు.

పల్నాడుకి వినడం రాదా అంటే అలాగేం కాదు. కార్తీక అమావాస్యకి కారంపూడి వెళ్ళండి. వీరుల గుడి దగ్గర అయిదు రోజులు తిరునాళ్ళు. వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడుతుంటే జనం కూర్చుని వింటారు, ఊగిపోతారు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అదీ వంశాల వెంట వచ్చిన విద్యే. అమెరికా నుంచి జీన్ రోఘేర్ వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన కథని రికార్డు చేసుకుని 1982లో ఇంగ్లీషు పుస్తకం వేశాడు. అక్కడ ఆ పాట మన కథ, అందుకని వింటాం. సన్నాయికి కథ లేదు. రాగమే ఉంది. రాగం వినాలంటే ఎదురుగా ఊరికే కూర్చోవాలి. ఆ ఊరికే కూర్చునే చోటు మన దగ్గర లేదు, శ్రీరంగంలో ఉంది. మనవాళ్ళు వెళ్ళింది భక్తితో, గురువు కోసం. ఉండిపోవడానికి మాత్రం వినేవాళ్ళు కూడా ఒక కారణమై ఉంటారని నా అనుమానం.

కిందటేడు మా పిన్ని కూతురి పెళ్ళి. డ్రోన్, హల్దీ, సంగీత్, డీజే అన్నీ మాట్లాడాక లిస్టు చివర మేళం వచ్చింది. "ముహూర్తం అరగంటకి అంత అవసరమా, స్పీకర్లో వేసేస్తే పోదా" అన్నాడు మా బావ. బేరమాడే పని నా మీద పడింది. వెళ్తే చిన్నప్పటి సాయిబుగారే. జుట్టంతా తెల్లబడింది. మీ అబ్బాయి వాయిస్తాడా అనడిగాను. సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడట.

"నేర్పడానికి నాకేమమ్మా. పదేళ్ళు పడుతుంది. పదేళ్ళయ్యాక పిలిచేదెవరు?"

నేను బాధ మొహం పెట్టబోయాను. ఆయన మొహంలో బాధేమీ లేదు. కొడుకు షాపు బాగా నడుస్తోందని చెప్పేటప్పుడు మురిపెం కూడా ఉంది. అప్పుడు ఆలోచనలో పడ్డాను. ఇల్లే బడిగా నడిచిన విద్య ఇది. ఆ ఇంట్లో పుట్టనివాళ్ళకి ఆ తలుపు తెరుచుకోలేదు, పుట్టినవాళ్ళకి బయటికి దారి దొరకలేదు. ఆ కుర్రాడు బయటపడ్డాడంటే ఏడవాల్సిందేం లేదు. మనం సాఫ్ట్‌వేర్‌లోకి పోవచ్చు, వాళ్ళు మాత్రం మన పెళ్ళిళ్ళ కోసం సన్నాయి ఊదుతూ ఉండాలా? అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. వాళ్ళు వదిలిన చోటుకి ఇంకెవరైనా వస్తారా? తిరుపతిలో దేవస్థానం వాళ్ళ నాదస్వరం, డోలు పాఠశాల ఉంది. చేరేవాళ్ళు చేరతారు. కానీ నేర్చుకుని బయటికొచ్చినవాడికి ఎదురుగా కుర్చీల్లో జనం ఉండాలి కదా. పద్మశ్రీలు ఢిల్లీ ఇస్తుంది, కుర్చీల్లో కూర్చోవాల్సింది మనమే.

వచ్చే మాఘంలో నాన్న షష్టిపూర్తి. డీజే వద్దని నాన్నే అన్నారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు సాయిబుగారికి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. తంతు అయిపోయాక, భోజనాలకి ముందు, ఓ గంటన్నర వాయించాలని, కుర్చీలు మేళం వైపు తిప్పి వేయిస్తానని చెప్పాను.

"గంటన్నరా? ఏం వాయించమంటారు?"

నాకు రాగాల పేర్లు పట్టుమని పది రావు. మీకు ఏది ఇష్టమైతే అది అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. అడ్వాన్స్ డబ్బులు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

"అయితే కాస్త సాధన చెయ్యాలమ్మా" అన్నాడు.