నత్తనడక

మా అమ్మాయి విశాఖపట్నంలో చదువుకోవడానికి వెళుతూ నాకు అప్పగించిపోయిన ఆస్తి ఒక గాజుతొట్టె. అందులో 90 లీటర్ల ఉప్పునీరు, నారింజరంగు ఒంటిమీద తెల్లచారలున్న రెండు సముద్రపు చేపలు, నాలుగు నత్తలు. "జాగ్రత్త నాన్నా!" అని రైలు కదిలేదాకా చెబుతూనే ఉంది. పద్యాలకు ప్రతిపదార్థం చెప్పుకు బతికేవాణ్ణి; చేపల సంగతి నాకేం తెలుసు?

డిగ్రీ అయ్యాక ఏం చదవాలో తేల్చుకోవడానికి అది ఏడాది తీసుకుంది. ఆ ఏడాదంతా చుట్టాల ముందు కూడా, "మా అమ్మాయిది నత్తనడక" అంటూ వచ్చాను. అది నవ్వి ఊరుకునేది. మా ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

వేసవి వచ్చింది. విజయవాడ ఎండలకు తొట్టెలో నీరు రోజుకు అరసెంటీమీటరు చొప్పున దిగసాగింది. తొట్టె పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40. లెక్కవేస్తే రోజుకు 1.2 లీటర్లు. ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు ఎక్కడికీ పోదు. లీటరుకు 35 గ్రాములుండవలసిన ఉప్పు పదిరోజుల్లో 40 దాటుతుంది. అంచేత రోజూ ఉదయం, ఉప్పు కలపని శుద్ధిచేసిన నీరు కొలిచి పోసేవాణ్ణి.

ఇంతలో ఊళ్లో మా అమ్మకు కంటి శుక్లం ఆపరేషను నిశ్చయమైంది. పదిరోజులు వెళ్లక తప్పదు. పక్కింటి కుర్రవాడు చేపలకు మేత వేస్తానన్నాడు గాని, నీళ్లు కొలిచిపోసే పని వాడికి అప్పగించే ధైర్యం చాలలేదు. దీనికో ఏర్పాటుందన్నారు. తొట్టెలో ఫ్లోట్ స్విచ్చి, కింద నీళ్ల బకెట్టు, బకెట్టులో పంపు. మట్టం దిగితే పంపు తిరుగుతుంది, మట్టం లేస్తే ఆగుతుంది.

"పెద్దదే తీసుకోండి మాస్టారూ, దమ్మున్న పంపు" అన్నాడు దుకాణదారు. గంటకు 1000 లీటర్లని అట్టపెట్టె మీద రాసి ఉన్న కూలర్ పంపు. ధర తక్కువ, బలం ఎక్కువ. ఇంకేం కావాలి?

ప్రయాణం వారం ఉందనగా పరీక్షకోసం బిగించాను. ఆ రాత్రి ఒక నత్త గాజు వెంట పాకుతూ పోయి ఫ్లోటు మీద తీరిగ్గా కూర్చుంది. బరువుకు ఫ్లోటు దిగింది. నీళ్లు తక్కువయ్యాయి కాబోలనుకుని పంపు తిరగడం మొదలెట్టింది. 15 లీటర్ల బకెట్టు నిమిషాలమీద ఖాళీ. తొట్టెలో పట్టేది ఆరు లీటర్లే, మిగతాది గదంతా! కింది అరలో ఉన్న నా ఎం.ఏ. నాటి నోటుపుస్తకాలు సిరా కన్నీళ్లు కార్చాయి. చేపలు బెదిరిపోయి ఒక మూల నక్కాయి.

సిగ్గు విడిచి అమ్మాయికి ఫోను చేశాను. అంతా విని నెమ్మదిగా అడిగింది: "పంపు ఎంత పని చేస్తుందో చూశావు నాన్నా. అదుపు తప్పితే ఎంత చేటు చేస్తుందో చూశావా?"

నాకు జవాబు తోచలేదు.

అదే పెరిస్టాల్టిక్ పంపని చెప్పింది. లోపల చిన్న రోలర్లు మెత్తని గొట్టాన్ని నొక్కుకుంటూ తిరుగుతాయి. పేగుల్లో అన్నం జరిగినట్టు నీరు జరుగుతుంది. ఆగినప్పుడు కూడా గొట్టం నొక్కుకునే ఉంటుంది గనక నీరు వెనక్కి జారదు. బకెట్టు ఎండినా పంపు చెడదు. నడిచేది 12 వోల్టులతో. నేను కొన్నది నిమిషానికి 40 మిల్లీలీటర్లు పోస్తుంది. దానికో టైమరు కూడా పెట్టించింది, రోజుకు అరగంట. అంటే ఏం జరిగినా రోజుకు 1.2 లీటర్లు మించి పోయలేదు.

"ఇది పంపా, ఆస్పత్రిలో సెలైను సీసానా?" అన్నాడు దుకాణదారు.

పదిరోజుల తరువాత అమ్మకు కళ్లజోడు పెట్టించి తిరిగివచ్చాను. తాళం తీస్తుంటే గుండె దడదడలాడింది. లోపల నేల పొడిగా ఉంది. చేపలు గాజు దగ్గరికి వచ్చాయి. నీరు సరిగ్గా గీత దగ్గరే ఉంది. తీరా చూద్దును గదా, ఆ నత్త మళ్లీ ఫ్లోటు మీదే ఉంది! ఎన్నాళ్లనుంచి ఉందో ఏమో.

అమ్మాయికి ఫోను చేశాను.

"చేపలు బాగున్నాయా నాన్నా?"

"బాగున్నాయమ్మా" అన్నాను. ఇంకో మాట చెప్పాలని ఎంతో ప్రయత్నించాను. గొంతు దాటి రాలేదు. "నత్తలు కూడా బాగున్నాయి" అన్నాను చివరికి.

అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత నవ్వింది. ఈసారి పక్కనున్న మా ఆవిడ కూడా నవ్వింది.